వెండి వంకర కుట్టు

టైలరమ్మ కుట్టు మిషన్‌కి తిన్నగా కుట్టడం ఒక్కటే వచ్చు. పొద్దున్నే దుకాణం తెరిచి, రెండు చుక్కల నూనె పోసి తొక్కడం మొదలుపెడితే గీత గీసినట్టు కుడుతుంది. నెలకి రెండుసార్లు మాత్రం దానికి పిచ్చెక్కుతుంది. ఎవరూ తొక్కకుండానే, ఏ రంగు దారం ఎక్కించినా సరే, గుడ్డ మీద రంపప్పళ్లలా వంకరటింకర వెండి కుట్టు వేసుకుంటూ పోతుంది. ఆ కుట్టు కళ్లముందే తళతళలాడుతుంది.

వీధిలో వాళ్లకి అదేం వింత కాదు. "మళ్లీ వేసిందా టైలరమ్మా? మా దిండు గలీబులకి రెండు గజాలు పక్కన పెట్టు" అని ముందే చెప్పుకునేవారు.

ఆవిడకి మాత్రం ఒళ్లు మండేది. మెకానిక్‌కి కబురు పెట్టేది. ఆ ముసలాయన వచ్చి, విప్పి, తుడిచి, బిగించి వెళ్లేవాడు. ఆ గంటలోపే ఆవిడ తలకి ఒక పక్కన సుత్తి దెబ్బలు మొదలయ్యేవి. వెలుతురు పడదు, చప్పుడు పడదు, ఒకటే వాంతులు. రెండ్రోజులు మంచం మీదే. అలా బడి యూనిఫారాల పని చేజారింది, తర్వాత ఆసుపత్రి దుప్పట్లదీ పోయింది.

ఈసారి వచ్చింది నాటకశాల తెర. ముప్పై అడుగుల వెడల్పు, ముదురెరుపు మఖమలు. మేనేజరు మొహమాటపడలేదు. "మీ పనికి వంక పెట్టను. కానీ శనివారం సాయంత్రం ఆరింటికి తెర లేవకపోతే, ఇక ఈ ఊళ్లో మీకు పనిచ్చేవాడుండడు."

శనివారం పొద్దున పదింటికి, ఇంకా పదకొండడుగుల అంచు మిగిలుండగా, మిషన్ తనంతట తను వెండి కుట్టు మొదలుపెట్టింది. టైలరమ్మకి ఏడుపొచ్చింది. మెకానిక్ వచ్చాడు గానీ సంచీ దించలేదు.

"విప్పవేం బాబాయ్?"

"పన్నెండేళ్లుగా విప్పుతున్నానమ్మాయ్. దీనికి ఏ రోగమూ లేదు. నీ సంగతి చెప్పు."

"నాకేం? బాగానే ఉన్నా" అని ఆవలించింది.

"నేనొచ్చాక ఇది నాలుగో ఆవలింత. మెడ పట్టేసిందా?"

"నిన్నట్నుంచి."

"చక్కెర డబ్బా ఏది?"

ఒళ్లోనే ఉంది. గబుక్కున మూత పెట్టింది.

"పొద్దున మీ ఆయన్ని దేనికి తిట్టావు?"

"చెంచా కింద పడేశాడు." తిట్టింది మాత్రం పావుగంట.

"నన్ను పిలిచిన ప్రతిసారీ ఇదే వరస. తలనొప్పి వస్తోందని ఇది నీకు చెబుతోంది. నువ్వేమో దీని నోరు మూయించడానికి నన్ను పిలుస్తున్నావు."

టైలరమ్మకి మైగ్రేన్ అని తేల్చిన రోజున డాక్టరు ఏం చెప్పాడో గుర్తొచ్చింది. నొప్పి గొణుగుతున్నప్పుడే మాత్ర వేసుకోవాలి, అరిచేదాకా ఆగకూడదు అన్నాడు. ఆవిడేమో ఎప్పుడూ ఈ ఒక్క అంచూ అయ్యాక చూద్దాంలే అనుకునేది. ఇప్పుడు కూడా అంత తెరని వదిలి లేవడానికి ప్రాణం ఒప్పుకోలేదు. భయం భయంగానే లేచింది. మాత్ర వేసుకుని, గ్లాసుడు నీళ్లు తాగి, వెనక గదిలో కిటికీ మూసుకుని పడుకుంది. మెకానిక్ గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లందరినీ వేలు చూపించి నోరు మూయించాడు.

పన్నెండున్నరకి లేచింది. తల తన చోటే ఉంది, నొప్పి మాత్రం లేదు. ఒకసారి అటూ ఇటూ ఊపి చూసుకుంది. నిజంగానే లేదు. పన్నెండేళ్లలో మొదటిసారి తను గెలిచింది! మిషన్ ముందు కూర్చుంటే అది బుద్ధిమంతురాలిలా తిన్నగా కుట్టింది. ఐదున్నరకల్లా తెర వేలాడింది.

మేనేజరు అంచు చూసి ముఖం చిట్లించాడు. "ఈ వంకరేంటమ్మా? విప్పేయండి."

"అది వేసుకుంటూ పోబట్టే మీకు ఈ తెర దక్కింది. విప్పను" అంది టైలరమ్మ.

ఆరయింది. దీపాలారాయి. తెర లేస్తుంటే అంచున వెండి కుట్టు తళుక్కుమంటూ చీకట్లోంచి పైకి, ఇంకా పైకి పాకింది. నాటకం మొదలవకముందే హాలంతా చప్పట్లు మార్మోగాయి. గిన్నె చప్పుడుకే తల పట్టుకునే టైలరమ్మ, ఆ చప్పట్లన్నీ అయిపోయేదాకా రెండు చెవులా వింది.