అరవై మూడు మంది కొలతలు

ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ అతను డాక్టరే. మనుషుల నాడి పట్టుకునే డాక్టరు కాదు లెండి, కంప్యూటర్ల డాక్టరు. ఇరవై ఏళ్ళుగా బావమరిదితో కలిసి రిపేరు షాపు నడుపుతున్నాడు. ఎవరు ఏ మెషిన్ తెచ్చి బల్ల మీద పెట్టినా ముందు దాని వయసు అడుగుతాడు, తర్వాత దాని మూలుగు వింటాడు, ఆ తర్వాత తీర్పు చెబుతాడు. బాగుచేయించుకోండి అంటే బాగుచేయించుకుంటారు, మార్చెయ్యండి అంటే మార్చేస్తారు. జనానికి అతని మాట మీద అంత గురి.

ఇంత పేరున్న డాక్టరు గారి ఇంట్లోనే పన్నెండేళ్ళ రోగి ఒకటి మూలపడి మూలుగుతూ ఉండేది. అది అతని భార్య కంప్యూటర్. పొద్దున్న దాని మీట నొక్కి, గది ఊడ్చి, చెత్త బయట పోసి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. లోపలి ఫ్యాను మోతకి పక్కవాటా ముసలాయన గోడ తట్టేవాడు. దానికి కావలసింది పెద్ద వైద్యమేమీ కాదు. దుమ్ము దులిపి, పాత డిస్కు తీసి కొత్త డిస్కు బిగిస్తే గంట పని. ఆ గంట పనిని అతను ‘ఈ ఆదివారం చేస్తా’ అంటూ రెండేళ్ళు నెట్టుకొచ్చాడు. ఊళ్ళో వాళ్ళందరి మెషిన్లూ తన పీకల మీదున్నాయట, ఇంట్లోది ఎక్కడికి పోతుందని అతని ధీమా.

భార్య దర్జీ. అలాగని అందరి బట్టలూ కుట్టే దర్జీ కాదు. కొట్లో దొరికే బట్టలు ఒంటికి నప్పనివాళ్ళు ఆమె దగ్గరికి వస్తారు. ఒక భుజం ఎత్తుగా, ఒకటి దిగువగా ఉన్నవాళ్ళు, వెన్ను వంగినవాళ్ళు, ప్రమాదంలో చెయ్యి కురచైపోయినవాళ్ళు. ఎక్కడికెళ్ళినా టేపు పట్టుకున్న మనిషి కళ్ళలో జాలి చూసి చూసి విసిగిపోయినవాళ్ళు. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. కొత్తగా ఎవరొచ్చినా తలుపు గడియ పెడుతుంది. అద్దం మీద దుప్పటి కప్పుతుంది. కొలిచేటప్పుడు అంకె పైకి చదవదు. కాగితం మీద రాస్తే ఎవరి కంటైనా పడుతుందని తిన్నగా కంప్యూటర్లోనే ఎక్కిస్తుంది. బట్ట కత్తిరించడానికి అచ్చు తీసిన కాగితాన్ని కూడా పని కాగానే చింపేస్తుంది. చివర్లో ఒక మాట ఇస్తుంది: “ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇంక జన్మలో మీ ఒంటి మీద టేపు పెట్టను.” ఆ తర్వాత ఎప్పుడు బట్టలు కావాలన్నా ఫోను చేసి రంగు చెబితే చాలు. అలాంటివాళ్ళు ఇప్పటికి అరవై మూడు మంది.

ఇక అసలు సంగతి. ఒకనాడు షాపు కిటకిటలాడుతుంటే బావమరిది ఊరుకోలేక నోరు జారాడు.

“బావా, మా అక్క మెషిన్ తెరుచుకునేలోపు నేను ఊరెళ్ళి రావచ్చు. డాక్టరు పెళ్ళానికే మందు లేకపోతే ఎలా?”

అందరూ గొల్లుమన్నారు. అందులో ఒకాయన, “మరి మాకు ఆరేళ్ళకే మార్చెయ్యమంటారేం డాక్టరు గారూ?” అని అంటించాడు. అతనికి తల కొట్టేసినట్టయింది. నవ్వుతున్నట్టు మొహం పెట్టాడు గానీ చెవులు ఎర్రబడిన సంగతి దాగలేదు.

ఆ సాయంత్రమే భార్యతో, “నీకు కొత్తది తెస్తున్నా,” అన్నాడు.

“కొత్తదెందుకండీ? దీన్ని బాగుచేస్తే చాలు. నా చేతికి అలవాటైపోయింది.”

“దాని పని అయిపోయింది. నాకు తెలుసుగా.”

“రెండేళ్ళుగా గంట పనే అన్నారు. ఇంతలోనే పని అయిపోయిందా?”

ఆమె వెటకారానికి అనలేదు. అయినా అతనికి చురుక్కుమంది. మరునాడు కొత్త మెషిన్ తెచ్చి బల్ల మీద పెట్టేసి, పాతదాన్ని చంకన పెట్టుకున్నాడు. ఆమె గుమ్మం దాకా వెంట వచ్చింది.

“ఒక్కమాట వినండి. లోపల ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి వచ్చాయని నేను నా కళ్ళతో చూసుకునేదాకా పాతదాన్ని ముట్టుకోకండి.”

“ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నది ఇదే పని. నువ్వు నాకు నేర్పుతావా?”

ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

షాపులో ఒక నియమం ఉంది. అది అతను పెట్టిందే. మార్పిడికి వచ్చిన ఏ పాత మెషిన్‌నైనా, అందులోని సరుకు కొత్తదాంట్లోకి కాపీ కాగానే, డిస్కు మొత్తం తుడిచేసిగానీ అరలో పెట్టకూడదు. షాపు పెట్టిన కొత్తలో తుడవకుండా అమ్మిన మెషిన్‌లో ఒకావిడ ఇంటి ఫోటోలు ఉండిపోయాయి. కొన్నవాడు వాటిని నలుగురికీ చూపించి నవ్వాడు. ఆవిడ షాపు మధ్యలో నిలబడి ఏడ్చింది. ఆ రోజు అతను ఒట్టు పెట్టుకున్నాడు. అతను తుడిస్తే మూడుసార్లు తుడుస్తాడు. పోయినదాన్ని పైనుంచి దేవుడు దిగొచ్చినా వెనక్కి తేలేడని వచ్చినవాళ్ళతో గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

ఆ రోజూ అదే వరస. అందరూ దాచుకునే చోట వెతికి, దొరికినవన్నీ కొత్తదాంట్లో ఎక్కించడానికి ఒక చిన్న డ్రైవులోకి కాపీ చేశాడు. పెళ్ళి ఫోటోలు, పన్ను కాగితాలు, ఆమె అమ్మ గొంతు రికార్డు. ఒక మెషిన్‌లో ఇంతకుమించి ఏముంటుందనుకున్నాడు. చెయ్యి దానంతట అదే తుడిచే మీట మీదికి వెళ్ళింది. భార్య చెప్పిన మాట గుర్తుకు రాలేదని అంటే అబద్ధమవుతుంది. గుర్తొచ్చింది. ‘ఆమెకేం తెలుసులే’ అనుకున్నాడు. అంతే.

సాయంత్రం ఇంటికొచ్చి అతను వాటినీ, ఆమె కుట్టుపని ప్రోగ్రాంనీ కొత్త మెషిన్‌లోకి ఎక్కించాక, ఆమె దాని ముందు కూర్చుని ఆ ప్రోగ్రాం తెరిచింది. జాబితా ఉండవలసిన చోట ఖాళీ. పైకీ కిందికీ జరిపింది. వెనక నిలబడి చూస్తున్న అతనికి అప్పుడు తట్టింది. ఆ ప్రోగ్రాం పాతకాలపుది. కొలతలను అందరూ దాచుకునే చోట కాకుండా తన సొంత గూట్లో దాచుకునే రకం. ఆ రకానివి అతను షాపులో వందసార్లు చూశాడు. ఇంటిది గనక ఆ గూట్లో వెతకలేదు.

“ఏవండీ, మావాళ్ళేరీ?” అని అడిగింది ఆమె. కొలతలు అనలేదు, మావాళ్ళు అంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యాల్సిన క్షణం అదే. అతను నోరు తెరిచాడు. వచ్చిన మాట వేరు.

“డిస్కు... పాతది కదా. కాపీ చేస్తుంటే మధ్యలో చచ్చిపోయింది. చాలా తంటాలు పడ్డాను.”

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. కాసేపు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “మీరు మాత్రం ఏం చేస్తారు? మారుద్దామంటే నేనే వద్దన్నాను. నాదే బుద్ధి తక్కువ,” అంది. పైగా అన్నం తినకుండా లేచిపోతున్న అతన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి వడ్డించింది. ఇన్నేళ్ళ కాపురంలో అంత సిగ్గుగా అతనెప్పుడూ అన్నం ముందు కూర్చోలేదు.

రెండు రోజులు అలాగే గడిచాయి. షాపులో బావమరిది, “అక్క ఫోన్ చేసింది. నువ్వు డిస్కుతో ఎంత పెనుగులాడావో చెప్పింది,” అన్నాడు. ఆ డిస్కు శుభ్రంగా తుడుచుకుపోవడం బావమరిది పక్క బల్ల నుంచి చూసినవాడే. ఇంకేమీ అనకుండా తన పనిలో పడ్డాడు. డాక్టరు మాత్రం ఆ పూటంతా అతని వంక చూడలేకపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం అతను ఇంట్లో బల్ల కింద దూరి అచ్చు మెషిన్ తీగ బిగిస్తున్నాడు. లెక్కల టీచరు వచ్చింది. చిన్నప్పుడే వెన్ను ఒక పక్కకి ఒరిగిపోయిన మనిషి. వచ్చే నెలలో బడి నుంచి పదవీ విరమణ. సభకి వేసుకోవడానికి నీలం గుడ్డ తెచ్చుకుంది.

“టీచర్ గారూ, కోప్పడకండి,” అంది భార్య. “మళ్ళీ ఒకసారి కొలవాలి.”

“మళ్ళీనా? ఒక్కసారే అన్నావు కదమ్మాయ్.”

“అన్నాను. మాట తప్పాను. పాత కంప్యూటర్ పోయింది. అందరి కొలతలూ అందులోనే ఉండిపోయాయి. ఆయన మార్చేద్దామన్నా నేనే పట్టుకు వేలాడాను. తప్పు నాదే.”

టీచరు చెయ్యి తెలియకుండానే శాలువాని ఎత్తు భుజం మీదికి లాక్కుంది. అయినా నవ్వడానికే చూసింది. “పోనీలే. దానికీ నాలాగే వయసు మీద పడింది. నువ్వేం చేస్తావు?”

బల్ల కింద ఉన్న మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. తీగ బిగించుకుంటూ అక్కడే ఉండిపోవచ్చు. టీచరు కొలతలిచ్చి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు, భార్య ప్రతి ఒక్కరి దగ్గరా తప్పు నాదే, తప్పు నాదే అంటూ ఉంటుంది. లేవబోయి తల ఠపీమని బల్లకి కొట్టుకున్నాడు. తల రుద్దుకుంటూనే బయటికొచ్చాడు.

“అది పోలేదు. నేనే తుడిచేశాను.”

భార్యకి అర్థం కాలేదు. “ఏంటండీ?”

“డిస్కు బాగానే ఉంది. నువ్వు చూసేదాకా ముట్టుకోవద్దన్నావు. నీకేం తెలుసులే అని తుడిచేశాను. నీతో అబద్ధం చెప్పాను.”

టీచరే అడిగింది. “ఎంతమందివి?”

“అరవై మూడు.”

“మొదటిసారి ఈ మెట్లు ఎక్కడానికి నాకు మూడు నెలలు పట్టింది డాక్టరు గారూ. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను. తలుపు గడియ పెట్టాక కూడా ఒళ్ళు వణికింది. నాలాంటివాళ్ళం అరవై మూడు మందిమి.” ఆమె గొంతు పెంచలేదు. బడిలో లెక్క తప్పు చేసిన పిల్లవాడితో మాట్లాడినట్టే మాట్లాడింది. “ఇంక మీరు బయటికెళ్ళండి. కొలతలివ్వాలి.”

అతను తలెత్తలేదు. వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. వెనక గడియ పడింది. నేల చీలితే అందులో దూరిపోదును అనుకున్నాడు.

అరగంటకి టీచరు బయటికొచ్చింది. అతను లేచి పక్కకి జరిగితే, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వెళ్ళిపోయింది. భార్య గుమ్మంలో నిలబడింది. ఏడ్చిన మొహమే, కానీ ఇప్పుడు ఏడవడం లేదు.

“రెండు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను,” అంది. “మీరు పక్కనే కూర్చుని చూశారు.”

“నాకు మొహం చెల్లలేదు.”

“తుడిచారు. సరే, చెయ్యి జారింది, అహం అడ్డొచ్చింది అనుకుంటాను. ఇది మాత్రం ఎలా అనుకోవాలో నాకు తెలియడం లేదు.” తన ఫోను అతని చేతిలో పెట్టింది. “అందరి నంబర్లూ ఉన్నాయి. ఒక్కొక్కరికీ మీరే చెయ్యండి. కంప్యూటర్ పోయిందని చెప్పొద్దు. ఏం జరిగిందో మీ నోటితోనే చెప్పండి. ముందు బేకరీ ఆవిడకి. రొమ్ము ఆపరేషన్ అయ్యాక ఆవిడ ఎవరి ముందూ రవిక విప్పలేదు, నా ముందు తప్ప. కబురు ఇంకొకరి నోట వినకూడదు.”

బేకరీ ఆవిడ షాపుకి వచ్చే మనిషే. అతనికి బాగా తెలుసు. ఈ కబురు ఆవిడతోనా మొదలుపెట్టడం అనిపించింది గానీ, ఆ మాట పైకి అనే అర్హత తనకు లేదని ఊరుకున్నాడు. భార్య లోపలికి వెళ్ళలేదు. చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది. అతను నంబరు నొక్కాడు.

“హలో, చెప్పక్కా!” అంది అవతలి గొంతు హుషారుగా.

“అక్క కాదమ్మా. నేను.”

“డాక్టరు గారా! నిండా నూరేళ్ళండీ మీకు, ఇప్పుడే అనుకుంటున్నా. మా కొట్లో కంప్యూటర్ నత్తలా నడుస్తోంది. బాగుచేయిస్తే సరిపోతుందంటారా, మార్చెయ్యమంటారా? మీరెలా అంటే అలా. ఇంకెవర్నీ అడగను.”

అతను భార్య వంక చూశాడు. ఆమె చూపు మరల్చలేదు.

“ఆ సంగతి తర్వాత చూద్దాం తల్లీ,” అన్నాడు. “ముందు నేను నీకు చేసిన పని ఒకటి చెబుతాను. విన్నాక, నన్ను ఇంక ఏదైనా అడగాలో వద్దో నువ్వే ఆలోచించుకో.”