వంతెన దాటని బండి

ఇంజిన్ ఆపి ఉన్నంతసేపూ తెర తేటగా ఉండేది. తాళం తిప్పి ఇంజిన్ స్టార్టు చేయగానే గీతలు మొదలయ్యేవి. అడుగు నుంచి పైకి, ఒకదాని వెనక ఒకటి చీమలబారులా పాకేవి. హెడ్‌లైట్లు వేస్తే ఇంకా లావెక్కేవి.

డ్రైవరు ధీరజ్ ఆ వ్యాన్‌ను శబరి నది ఒడ్డున ఉన్న కొంటాకు తీసుకురావడం ఇది మూడోసారి. మొదటిసారి బిగింపుకు, తర్వాత రెండుసార్లూ ఈ గీతల కోసమే. జగదల్‌పూర్‌లోని ఒక ధర్మసంస్థ కొన్న కొత్త బండి అది. ఊరూరా తిరిగి కళ్లు పరీక్షించడానికని వెనక సీటు కింద కంప్యూటరు, ముందు సీట్ల నడుమ తెర పెట్టించారు. బిగించింది చెన్నకేశవులు దుకాణం. ముప్పయ్యేళ్లుగా హారన్లు, లైట్లు, టేపురికార్డర్లు బిగించి పేరు తెచ్చుకున్న దుకాణం.

ఈసారి ధీరజ్ ముఖంలో నవ్వు లేదు.

"సేఠ్‌జీ, మొన్న భేజ్జి క్యాంపుల ఏమైందో తెలుసా? హిడ్మే అని ఒక ముసలమ్మ, చీకటితోనే నడిచి వచ్చింది. డాక్టర్ సాబ్ ఆమె కన్ను చూద్దామంటే స్క్రీన్ నిండా గీతలే. ఇంజిన్ బంద్ చేస్తే పావుగంటల బ్యాటరీ ఖతం. ఆమెను వాపస్ పంపినం. గల్తీ ఎవరిదో పేరు రాసి తెమ్మని ఆఫీసుల కూర్చున్నరు."

చెన్నకేశవులు గోడ మీది పటానికి వేసిన దండ సర్దుతూ, "పేరుదేముంది, రాసిద్దాం. పొద్దూకే లోపల బాగు కాకుంటే బిగించినోణ్ణే తీసేస్త" అన్నాడు.

బిగించినవాడు మంగల్. పదకొండేళ్లుగా ఆ షెడ్డులో పనిచేస్తున్నాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, వాన పడితేనే పండే ఎకరంన్నర చేను. తల వంచుకుని స్క్రూడ్రైవరు తుడుస్తున్నాడు.

వంటింటి కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది. ఆ కిటికీ వెనక చిక్కుళ్లు ఈనెలు తీస్తూ అపర్ణ ఈ మాటలన్నీ విన్నది. ఆమె చెన్నకేశవులు కోడలు. కొత్తగూడెంలో బీయస్సీ ఎలక్ట్రానిక్స్ చదివింది. పెళ్లిచూపుల్లో "మన వ్యాపారానికి పనికొచ్చే చదువే" అన్న మామగారు, పెళ్లయ్యాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

పదిహేను రోజుల కింద ఇదే కిటికీలోంచి ఆమె ఇంకో మాట కూడా విన్నది. మంగల్ ఆకురాయి పట్టుకుని బండి లోపల రంగు గీకబోతుంటే మామగారు కేకేశాడు.

"కొబ్బరికాయ కొట్టిన బండిర అది! శబరి వంతెన దాటి రాకముందే దాని ఒంటికి ఇనుముతో గాటు పెడ్తవా? మా తాత నాటి పద్ధతి. ఉన్న నట్టుకే కట్టు."

మంగల్ కంప్యూటరు నల్లతీగను, అంటే ఎర్తు తీగను, సీటు నట్టుకు, రంగు మీదనే బిగించాడు. తెర నల్లతీగను ముందు డాష్‌బోర్డు కింద ఇంకో నట్టుకు కట్టాడు. హారనుకూ లైటుకూ అంతమాత్రం ఎర్తు సరిపోయేది. కంప్యూటరుకు చాలదు. దానికి వచ్చిన కరెంటు తిరిగి బండి ఇనుములోకి పోవాలి. రంగు అడ్డుపడితే తెరకు బొమ్మను తీసుకెళ్లే తీగనే దారి చేసుకుని, తెర ఎర్తు గుండా పోతుంది. ఇంజిన్ తిరుగుతుంటే ఆ కరెంటు ఊగుతూ బొమ్మను చెరుపుతుంది. ఇదంతా ఆ రోజే అపర్ణకు తట్టింది. ఆ రోజు ఆమె చిక్కుళ్లు కాదు, బెండకాయలు తరుగుతోంది. అంతే తేడా.

మధ్యాహ్నం మామగారు ధీరజ్‌ను భోజనానికి కూర్చోబెట్టగానే ఆమె షెడ్డులోకి వెళ్లింది.

"మంగల్ అన్నా, స్కూటరు బ్యాటరీ ఉందా?"

"ఉన్నది వదినమ్మా. మీరు లోపలికి పొండ్రి. సేఠు చూస్తే నన్ను ఇప్పుడే ఎల్లగొడ్తడు."

"తెరకు కరెంటు తెచ్చే తీగలు రెండూ విప్పి దానికి పెట్టు. తర్వాత ఇంజిన్ స్టార్టు చెయ్యి."

ఇంజిన్ మోగింది. తెర మీద ఒక్క గీత లేదు. మంగల్ మెడ వంచి అటునుంచీ ఇటునుంచీ చూశాడు.

"అరె, ఏడికి పోయినయ్!"

తీగలు మళ్లీ పాతచోటనే కట్టించి, మీటరు కొస ఒకటి కంప్యూటరు పెట్టెకు, ఒకటి డాష్‌బోర్డు నట్టుకు ఆనించింది. రెండూ ఎర్తులే. మధ్యన దాదాపు ఏమీ ఉండకూడదు. మీటరు పాయింట్ నాలుగు వోల్టులు చూపించింది.

"రంగు గీకాలని నేను ఆ దినమే అన్న గద వదినమ్మా."

"విన్నాను."

"విన్నరా?" అన్నాడు మంగల్. మీటరు తీగలు చుడుతూ, "ఆ హిడ్మే మా మేనత్తనే" అన్నాడు.

భర్తకు మజ్జిగ పోస్తూ అపర్ణ విషయమంతా చెప్పింది. కిరణ్‌కుమార్ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"తెల్వదా ఏంది నాకు? మా నాయన గీకనియ్యలేదని ఆఫీసుకు రాసియ్యమంటవా?"

"వద్దు. బండిని వంతెన దాటించండి. అవతల టీ తాగి వెనక్కి తిప్పండి. ఇక గీకొచ్చు. మామయ్యగారి మాటా నిలుస్తుంది."

కిరణ్‌కుమార్ చేతిలో ముద్ద ఆగింది. జగదల్‌పూర్ నుంచి అంత దూరం మూడుసార్లు వచ్చిన బండి, దుకాణం నుంచి కనిపించే వంతెన మాత్రం దాటలేదు. ఇన్ని రోజులూ ఆ సంగతి ఎవరికీ తోచలేదు.

"మంగల్ అన్నను తీసేయకూడదు మరి."

"ఉంటడు లే. నేను చూసుకుంట" అన్నాడు.

గంటలో బండి వంతెన దాటి వచ్చింది. మంగల్ సీటు కింద రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, ఇనుము తళతళలాడేదాకా రుద్దాడు. కంప్యూటరు నల్లతీగ ఒక్కటే అక్కడ కట్టించి లేవబోయాడు కిరణ్‌కుమార్. కిటికీలోంచి అపర్ణ రెండు వేళ్లెత్తి చూపింది. తెర నల్లతీగ కూడా ముందు నుంచి విప్పించి అక్కడికే తెప్పించాడు. రెండూ ఒకే నట్టు కింద బిగిశాయి.

ఇంజిన్ స్టార్టు చేశారు. లైట్లు వేశారు. హారన్ కొట్టారు. తెర కదలలేదు.

"క్యా బాత్ హై!" అన్నాడు ధీరజ్. "గల్తీ ఏంది మరి?"

అపర్ణ టీ కప్పులు పట్టుకుని అప్పుడే గడప దాటింది.

"మా మంగల్ ఎర్తు తప్పు కట్టిండు" అన్నాడు కిరణ్‌కుమార్. "నేను పట్టుకుని సరిజేసిన."

"ఇంక వాడు పనిలకు రాడు. అది కూడ రాసుకో" అన్నాడు చెన్నకేశవులు.

అపర్ణ భర్త ముఖంలోకి చూసింది. అతను చక్కెర కలుపుకుంటున్నాడు.

"తప్పు మంగల్ అన్నది కాదు మామయ్యగారూ. రంగు గీకుతానని ఆయన ముందే..."

"చూసినవా ధీరజ్, మా కోడలిది మెత్తని మనసు" అన్నాడు చెన్నకేశవులు నవ్వుతూ. "కోడిని కోస్తే కూడ కండ్లనీళ్లు పెట్టుకుంటది."

"భాభీజీ దయావాన్ హై" అంటూ ధీరజ్ కలం తీశాడు. "మంగల్... పూరా పేరేంది?"

చెన్నకేశవులు కొడుకు వైపు చూశాడు. కొడుకు తండ్రి వైపు చూశాడు. పదకొండేళ్లలో ఎవరికీ అది అవసరపడలేదు.

"సోడి" అన్నాడు మంగల్ వాకిట్లోంచి. "సోడి మంగల్."

ధీరజ్ రాసుకున్నాడు. మంగల్ అన్నం డబ్బా, తువ్వాలు తీసుకుని సైకిలు దగ్గరికి నడిచాడు. అపర్ణ పక్కనుంచి పోతూ ఆగాడు.

"వదినమ్మా, తొందరల ఆ నట్టు మీద గ్రీజు పుయ్యలే. వానలు పడ్తే తుప్పు పడ్తది. గీతలు మళ్ల వస్తయ్. ఎవరికన్న చెప్పుండ్రి."

సైకిలు మలుపు తిరిగిపోయింది.

గ్రీజు డబ్బా షెడ్డు అరుగు మీదే ఉంది. వానలకు ఇంకా నెలన్నర. అప్పుడు గీతలు వస్తే, వేలెత్తి చూపించడానికి మంగల్ ఉండడు. రంగు వంక పెట్టడానికీ లేదు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిందే. ఆ ముఖాలు ఎలా ఉంటాయో అపర్ణ ఊహించుకుంది.

తర్వాత బండి ఎక్కి, సీటు కిందికి వంగి, నట్టు చుట్టూ, తీగల మొదళ్ల చుట్టూ, ఇనుము ఎక్కడా కనబడకుండా గ్రీజు పూసింది. మంగల్ పూసినట్టే పూసింది. హిడ్మే ఇంకోసారి నడిచి వస్తుంది కదా. ఇక ఆ తెర చెడదు. కాగితం మీది పేరూ మారదు.

ఆమె కిందికి దిగేసరికి కిరణ్‌కుమార్ ఎదురొచ్చాడు. నల్లబడిన ఆమె వేళ్లు చూసి దుకాణం వైపు ఒకసారి తల తిప్పాడు.

"తొందరగ చేతులు కడుక్కో" అన్నాడు. "నాయన చూస్తడు."