బిక్షం లైటు

"శాంతిరాజ్! ఓ శాంతిరాజన్నా! ముంగటికి రా, ఇగ నీ వంతే!"

భూపాల్ అరుపుకు లాంపురూం రేకులు కూడా మోగాయి. మొదటి షిఫ్టు వాళ్లంతా టీ గ్లాసులతో అక్కడే ఉన్నారు. కిటికీ అవతల హర్షిణి రోజూలాగే నంబర్లు చూసి టోపీ లైట్లు అందిస్తోంది. ఒక్క బిక్షం లైటు మాత్రం కొక్కేనికే ఉంది. రెండేండ్ల కింద బొగ్గుబాయిలో కప్పు కూలి అతను పోయిననాటి నుంచి అది ఛార్జింగు లేకుండానే మిణుకుమంటోంది. ఆ బాయిలో చివరగా చనిపోయినవాడి లైటు ఎవరి తల మీద భగ్గుమంటే వాళ్లే కార్మికుల నాయకుడు. అదే రివాజు.

ముందు పెట్టుకున్న నర్సింగం తల మీద అది ఆరిపోయింది. పదిహేనేండ్లు అందరి దవాఖాన కాగితాలు పట్టుకుని తిరిగిన మనిషి.

"పో కాకా, ఇంట్ల మనుమరాలిని ఆడిపిచ్చుకో!"

అందరూ నవ్వారు. నర్సింగం తన చెప్పులు చూసుకుంటూ పక్కకు జరిగాడు.

శాంతిరాజ్ గుండె పెండ్లికొడుకు గుండెలా కొట్టుకుంది. లైటు పెట్టుకోగానే పున్నమి వచ్చి తల మీద కూర్చున్నట్టు వెలిగింది. ఈలలు మోగాయి. మెడలో దండ పడింది.

"తమ్ముళ్లారా, నాయకుడంటే ముందు తాను చూసి, తర్వాత మిమ్ముల పంపేటోడు..."

వెలుగు తమ్ముళ్ల మీద లేదు. కిటికీలో హర్షిణి ముఖం మీద ఉంది. అతను తల ఎటు తిప్పినా అక్కడే ఉంది.

"ఏంది పిల్లా, మీ నాయిన లైటు నిన్నే చూస్తాంది?" అన్నాడు భూపాల్. "సర్దార్ మాట ఇనకుండ పోయి సచ్చిండు, ఇంకా సిగ్గు రాలేదా దానికి?"

హర్షిణికి ఆ మాట కొత్త కాదు. ప్రమాదం కాగితాల్లోనూ అదే ఉంది. చెప్పి రాయించింది అప్పటి సర్దార్ శాంతిరాజే. కడ్డీతో కప్పు తట్టి, చప్పుడు గట్టిగా ఉంటేనే మనిషిని లోపలికి పంపాల్సినవాడు.

ఆమె కండ్లు మూసుకోలేదు.

"శాంతిరాజ్ కాకా, ఆ దినం కప్పు తడితె చప్పుడెట్ల వచ్చింది?"

గట్టిగా వచ్చిందంటే అయిపోయేది. కానీ ఆ వెలుగులో ఆమెవి అచ్చం బిక్షం కండ్లే. "పొమ్మంటవా అన్నా?" అని అడిగిన కండ్లు.

శాంతిరాజ్ చెయ్యి దండ మీదికి పోయింది.

"నేను తట్టనే లేదు బిడ్డా. జల్ది బొగ్గు తియ్యాలని, మంచిగనే ఉన్నది పో అన్న. వాడు నా మాట ఇనే పోయిండు."