గోళ్ళరంగు చుక్కలు

పాత కారు కార్బురేటర్ తానే సర్దుతానని ఆయన అంటే నేను వద్దనలేదు. స్క్రూడ్రైవర్ చేతికిచ్చే ముందు మాత్రం దాన్ని సర్దే రెండు స్క్రూల అంచునా, వాటిని ఆనుకున్న లోహం మీదా కలిసేలా గోళ్ళరంగు చుక్కలు పెట్టాను.

"ఇంజన్‌కి కూడా సింగారమా?" అన్నారు.

"ఇప్పుడెక్కడున్నాయో గుర్తుండాలిగా."

"నా మీద ఆ మాత్రం నమ్మకం లేదన్నమాట."

"మీ మీద ఉంది. స్క్రూల మీదే లేదు."

మర్నాడు మధ్యాహ్నం నాకు డ్రైవింగ్ పరీక్ష. కిందటిసారి ఎత్తు రోడ్డు మీద యాక్సిలరేటర్ నుంచి కాలు తీసీ తియ్యగానే ఇంజన్ ఆగిపోయింది. పరీక్షాధికారి, "ఇంకొన్నాళ్ళు నేర్చుకోండమ్మా" అన్నాడు. ఆగింది బండి, నేర్చుకోవలసింది నేను! ఎక్కడికి వెళ్ళాలన్నా ఆయన సెలవు రోజు కోసమో, పక్కింటివాళ్ళ దయ కోసమో కాచుకుని ఉండటం నాకు విసుగెత్తిపోయింది. ఈసారి లైసెన్సు చేతికి రావలసిందే.

పొద్దున తాళం తిప్పాను. ఇంజన్ స్టార్టయింది. కానీ నిలకడ లేదు. రొప్పుతూ పైకి లేస్తుంది, నీరసంగా కిందికి జారుతుంది, మళ్ళీ లేస్తుంది. నాలుగైదు సార్లు అలా ఊగి ఆగిపోయింది.

ఆయన చొక్కా చేతులు మడిచి, స్క్రూ అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఊగుడులో మార్పు లేదు.

"నిన్న సాయంత్రం బాగానే ఉందే!" అన్నారు.

"నిన్న సాయంత్రం చీకటిపడిందని స్టార్టే చెయ్యలేదు మీరు."

ఆయన స్క్రూడ్రైవర్ వంక చూశారు, అది జవాబు చెబుతుందన్నట్టు. "పరీక్ష వాయిదా వేయించుకుందామా?"

"ముందు స్క్రూలు చుక్కల దగ్గరికి తీసుకురండి."

తెచ్చారు. చుక్కకు చుక్క కలిసింది. స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే ఊగుడు. నాకు ధైర్యం వచ్చింది అప్పుడే. స్క్రూలు పాత చోట ఉన్నా రోగం పోలేదంటే, మారింది స్క్రూలు కాదు, ఇంకేదో.

చోక్ లాగి చూశాను. చోక్ లాగితే లోపలికి వెళ్ళే గాలి తగ్గి పెట్రోలు వాటా పెరుగుతుంది. ఇంజన్ వెంటనే కుదుటపడింది. చోక్ లోపలికి తోశాను, మళ్ళీ ఊగింది.

"గాలి ఎక్కువవుతోందండీ. ఎక్కణ్ణుంచో దొంగతనంగా దూరుతోంది."

"నేను గాలి గొట్టాలేవీ ముట్టుకోలేదు. పైన గాలి వడగట్టే డబ్బా విప్పి మళ్ళీ బిగించాను, అంతే."

టార్చ్ పట్టుకుని వంగాను. కార్బురేటర్ అడుగున అంతా నూనె, దుమ్ము కలిసిన నల్లటి జిడ్డు. ఆ జిడ్డులో వేలి గోరంత సన్నటి గొట్టం ఒకటి మొండిగా బయటికి పొడుచుకు వచ్చి ఉంది. దాని కొన మాత్రం కడిగినట్టు మెరుస్తోంది. ఇన్నాళ్ళూ దాన్ని ఏదో కప్పి ఉంచింది. ఇంజన్ నడుస్తుండగా దాని కొనకు వేలు అడ్డం పెట్టాను. వేలిని లోపలికి లాగింది, ఇంజన్ ఒక్కసారిగా సర్దుకుంది.

"టోపీ!" అన్నారాయన. "చిన్న రబ్బరు టోపీ. డబ్బా తీస్తుంటే ఊడి ఉంటుంది."

షెడ్డంతా వెతికాం. నేల తళతళలాడుతోంది. నేను నడుం ఎత్తి ఇంటివైపు చూశాను.

"అత్తయ్యా, పొద్దున షెడ్డు ఊడ్చారా?"

"మరి ఊడవనా? నీ మొగుడు చేసిన చెత్త వాడెత్తుతాడా?" వసారాలో కుర్చీలోంచి సమాధానం వచ్చింది. ఆవిడ ఒళ్ళో సగం అల్లిన స్వెట్టరు. అల్లిక సూది కొన మీద, కుట్లు జారిపోకుండా, నల్లటి రబ్బరు టోపీ.

"చంటీ, అలా చూస్తావేంట్రా? కింద దొరికింది. సూదికి అతికినట్టు సరిపోయింది," అంది ఆవిడ కొడుకుతో.

"అమ్మా, అది కారుదే!"

"కారుదైతే కారుకే ఉండాలిగా, నేల మీద ఎందుకుంది?"

ఆయన టోపీ కోసం చెయ్యి చాచారు.

"ఇప్పుడు తీస్తే కుట్లన్నీ జారిపోతాయమ్మాయ్," అంది ఆవిడ నాతో. "నీ స్వెట్టరే."

పెన్సిల్ రబ్బరు ముక్క కోసి తెచ్చాను. ఆవిడ వేళ్ళతో కుట్లు అదిమి పట్టుకుంటే నేను టోపీ లాగి, ముక్క గుచ్చాను. ఒక్క కుట్టు కూడా జారలేదు.

టోపీ గొట్టానికి తొడిగాం. ఇంజన్ సన్నగా, ఒకే స్వరంలో నడిచింది. కిందటిసారి ఆగిన సంగతి మర్చిపోలేదు నేను. ఇంజన్ బాగా వేడెక్కేదాకా ఆగి, కాలు తీసినప్పటి ఇంజన్ వేగం పెంచే స్క్రూ మాత్రం చుక్క దాటించి కాస్త తిప్పమన్నాను. ఆయన తిప్పారు. నేను చెప్పిన చోట ఆపారు.

మధ్యాహ్నం అదే ఎత్తు రోడ్డు, అదే పరీక్షాధికారి. "ఆపండి" అన్నాడు. ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, యాక్సిలరేటర్ నుంచి కాలు తీసేశాను. ఇంజన్ తడబడలేదు. "పోనివ్వండి" అన్నాక వెనక్కి వేలెడంత కూడా జారకుండా కదిలాను. అతను కాగితం మీద సంతకం పెట్టి, "బాగా నేర్చుకున్నారమ్మా" అన్నాడు.

బయట బెంచీ మీద ఆయన పక్కన అత్తయ్య అల్లుకుంటూ కూర్చుంది. నా మొహం చూడగానే ఆవిడకు అర్థమైపోయింది.

"పనైపోయిందిగా, ఇక నా టోపీ ఇచ్చెయ్. ఈ ముక్క మాటిమాటికీ ఊడుతోంది."

"ఇంటికి వెళ్ళాలి కదత్తయ్యా!"

"అదీ నిజమే," అంటూ ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. ఆయన వెనక సీటు ఎక్కారు.