బళ్లో అమ్మ అనకూడదు

ఆ ప్రైవేటు బడిలో పేదపిల్లల కోసం ప్రభుత్వం ఫీజు కట్టే సీట్లు కొన్నుండేవి. లాటరీలో ఒకటి ఆయమ్మ కూతురికి తగిలింది. అదే బడిలో గదులు ఊడ్చి, బాత్‌రూములు కడిగి, చిన్నపిల్లల ముక్కులు తుడిచే ఆయమ్మ కూతురికే. పిల్ల గాలికి ఎగిరిపోయేలా ఉంటుందని ఇంట్లో పిచ్చుక అంటారు.

బళ్లో చేర్చే ముందురోజు ఆయమ్మ జడ వేస్తూ చెప్పింది. "అక్కడ నన్ను అమ్మా అనకు. అందరిలాగే ఆయమ్మా అని పిలువు."

"ఎందుకు?"

"నీ పక్కన కూర్చునేవాళ్లు నిన్ను వేరేగా చూస్తారు. చదువయ్యేదాకా ఓర్చుకో తల్లీ."

పిచ్చుక మాట తప్పలేదు. వరండాలో ఎదురుపడితే తల వంచుకుని పోయేది. ఆయమ్మ నేల ఊడుస్తూనే కూతురి బూట్లకేసి ఓ చూపు విసిరేది. లేసు ఊడి ఉంటే ప్రాణం కొట్టుకునేది, కట్టడానికి మాత్రం వంగేది కాదు.

రెండేళ్లు అలాగే గడిచాయి. ఒక ఆదివారం పిల్లకి జ్వరమొచ్చింది. మగతలో, "ఆయమ్మా, నీళ్లు" అంది.

గ్లాసు అందించబోయిన చెయ్యి ఆగిపోయింది.

"జ్వరంలో ఏదో కలవరిస్తోందిలే" అన్నాడు మొగుడు.

"కలవరింతలో కూడా అదే వచ్చిందంటే ఎంత బాగా నేర్పానో చూడు" అని ఆయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ నెల తల్లిదండ్రుల మీటింగు రోజున ఆయమ్మ ఎప్పటిలాగే కుర్చీలు వేసి, అందరికీ మంచినీళ్లిచ్చింది. మూడో తరగతి గదిలోకి వచ్చేసరికి మాత్రం జగ్గు బల్లమీద పెట్టి, టీచరు ఎదుట కుర్చీలో కూర్చుంది.

"ఆయమ్మా, ఇంకో జగ్గు పట్రా" అంది టీచరు తలెత్తకుండానే.

"తెస్తానండీ. ముందు మా పాప ఎలా చదువుతోందో చెప్పండి."

"నీ పాపా? ఎవరు?"

ఆయమ్మ చూపించింది. గుమ్మం దగ్గర పిచ్చుక మొహం పాలిపోయి ఉంది. పక్క కుర్చీలో ఆవిడ చీర సర్దుకుని కాస్త దూరం జరిగింది.

"ఈ పిల్ల తల్లి ఒక్క మీటింగుకీ రాలేదని నేను..." టీచరు మాట మింగేసింది.

"అన్నిటికీ వచ్చానండీ. మీకు నీళ్లిచ్చింది నేనే."

టీచరు మార్కుల కాగితం ఆయమ్మ ముందుకి జరిపింది. తర్వాత మెల్లగా, "చూడండమ్మా" అంది. ఆ బళ్లో ఆయమ్మని 'అండీ' అన్నవాళ్లు అంతకుముందు లేరు. "చదవడం బాగా చదువుతుంది. లెక్కల్లోనే వెనక. అర్థం కాకపోయినా నోరు విప్పదు, తలూపి ఊరుకుంటుంది."

"అది నేను నేర్పిందేనండీ" అంది ఆయమ్మ.

మర్నాడు ఒక పిల్ల పిచ్చుక బెంచీ నుంచి లేచి వేరేచోట కూర్చుంది. ఇంకొకతె మాత్రం, ఆటల గది తాళం మీ అమ్మ దగ్గరే ఉంటుందా అని అడిగి స్నేహం కట్టింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పిచ్చుక ఏడ్చింది. తొందరపడ్డానేమోనని ఆయమ్మకి అన్నం సహించలేదు.

వారం తిరిగాక ఆయమ్మ వరండా ఊడుస్తుంటే మూడో తరగతిలో లెక్కలు జరుగుతున్నాయి. లోపల్నుంచి సన్నటి గొంతు వినబడింది.

"నాకు అర్థం కాలేదు టీచర్. మళ్లీ చెప్పరూ?"

టీచరు బోర్డు తుడిచి మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. ఆ లెక్క అయ్యేదాకా ఆయమ్మ ఆ కిటికీ దాటి కదల్లేదు.