ఉత్తుత్తి ఆఫీసరు

ముఖం బిగించుకోవడానికి ఆవిడకు అద్దం అక్కర్లేదు. పెదవులు అదిమిపెట్టి, కనుబొమలు రవ్వంత దగ్గరకు లాక్కుంటే చాలు, ఆఫీసరు దిగినట్టే.

"నీ గురించి చెప్పు."

"నా పేరు..." అని మొదలుపెట్టింది ఎదురుగా కూర్చున్న రెండు జడల పిల్ల.

"పేరు కాగితం మీద ఉంది. నీ గురించి అడిగాను."

పిల్ల వేలు నోటి దాకా తీసుకెళ్లి చటుక్కున దించేసింది. ఆవిడ చూపు పిల్ల చేతుల మీదే ఉంది. గోళ్లు కొరికి కొరికి వేళ్ల చివర్లు ఎర్రబడ్డాయి. పొద్దున ఏమైనా తిందో లేదో.

ఆ బడి గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేయడం ఆవిడ ఉద్యోగం. వేళ్ల సందుల్లో జిగురు ఎండి తెల్లగా పొలుసు కట్టి ఉంటుంది, ఎంత తోమినా పోదు. పదకొండేళ్ల కిందట, కాలేజీ ఇంటర్వ్యూలకు వెళ్లే పెద్ద తరగతి పిల్లల భయం పోగొట్టాలని, ఆఫీసరులా కూర్చునే మనిషి కోసం వెతికాడు వాళ్ల మాస్టారు. "మీరే సరి, అక్కయ్యా. మీ మొహం చూస్తే నాకే సెలవుచీటీ రాయాలనిపిస్తుంది" అన్నాడు. అప్పట్నుంచీ ఏటా మూడు వారాలు, పాత బెంచీలు పేర్చిన పక్క గదిలో ఆవిడే ఆఫీసరు. చాటుగా పిల్లలు ఉత్తుత్తి ఆఫీసరంటారు. బయట ఆంటీ, గడప దాటితే మేడమ్.

తొమ్మిదో తరగతితో చదువు ఆగిన మనిషి. పిల్లలు చెప్పేదాంట్లో సగం అంతుబట్టదు. కానీ ఎవరిది బట్టీయో, ఎవరిది మనసులో మాటో ఇట్టే పోల్చుకుంటుంది. తమ్ముడి ఇంట్లో వెనక గది ఆవిడది. వేళకి కంచం మీద మూత పెట్టి ఉంటుంది. తిన్నావా అనీ, ఎలా ఉన్నావనీ అడిగేవాళ్లు లేరు. ఇక్కడ మాత్రం ప్రశ్నలన్నీ ఆవిడవే.

పిల్లలందరూ హడలిపోయేది ప్రశ్నలకు కాదు. జవాబు విన్నాక ఆవిడ తల దించుకుని, కాగితాలు చూస్తూ నిండు నిమిషం నోరు మెదపదు. ఆ నిమిషం కదలకుండా కూర్చోవాలి. అదేదో ఆవిడ కనిపెట్టిన చిట్కా అనుకుంటాడు మాస్టారు. ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, పదిహేనేళ్లప్పుడు ఆవిడా ఒక పెద్ద బడిలో హాస్టల్ సీటు కోసం ఇలాగే కూర్చుంది. ఆఫీసరు ఒక్క ప్రశ్న అడిగాడు. చెప్పింది. ఆయన తల దించుకుని సొరుగు లాగాడు, మూశాడు, మళ్లీ లాగాడు. ఇక పొమ్మన్నట్టేనని లేచి వచ్చేసింది. ఆయన కళ్లద్దాలు వెతుక్కుంటున్నాడట. తలెత్తేసరికి కుర్చీ ఖాళీ. ఆ సంగతి వాళ్ల నాన్నకు తెలిసేసరికి సీటు ఇంకొకరిదైంది. నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

రెండు జడల పిల్ల నిమిషమంతా కూర్చుంది. గండం గడిచింది.

ఇక మిగిలింది లేడిపిల్ల. దర్జీ కూతురు. ఇప్పటికి రెండుసార్లు కూర్చోబెట్టారు. రెండుసార్లూ అర నిమిషం కాకముందే లేచి పరుగు. అందుకే ఆ పేరు. రేపు పొద్దున్నే దాని ఇంటర్వ్యూ. "ఈ సీటు రాకపోతే వచ్చే నెల నుంచి నా పక్కన కాజాలు కుట్టుకుంటుందండీ, ఏం చేస్తాం" అని వాళ్ల నాన్న మొన్న వచ్చి చెప్పి వెళ్లాడు. ఆ మాట విన్నప్పట్నుంచీ ఆవిడకు ముద్ద దిగడంలేదు.

మధ్యాహ్నం మాస్టారు గుమ్మంలో నిలబడి చూశాడు. "మొహం పాలిపోయింది, అక్కయ్యా. ఇంటికెళ్లండి."

ఎడమ భుజం నొక్కుకుంటూ, "ఇంకా ఆ పిల్ల ఉంది సార్" అంది.

"నేను కూర్చుంటాలెండి."

"మీరు నవ్వేస్తారు."

ఆ మాటకే నవ్వేశాడు మాస్టారు.

లేడిపిల్ల వచ్చింది. కూర్చోవచ్చా అని అడిగి కూర్చుంది. ఆ కాలేజీలోనే ఎందుకు చదవాలనుకుంటున్నావని అడిగింది ఆవిడ. గొంతు కొంచెం తగ్గి ఉంది. నేర్చుకున్నదంతా గబగబా అప్పజెప్పేసింది పిల్ల. ఆవిడ తల దించుకుంది.

పిల్ల లోపల్లోపల లెక్కపెట్టుకుంది. ఇరవై. ముప్ఫై. మోకాళ్లు లేద్దామంటున్నాయి. కుర్చీ అంచు పట్టుకుంది. అరవై. ఆవిడ తలెత్తలేదు. తొంభై.

"ఇంకొంచెం చెప్పనా, మేడమ్?"

వద్దనలేదు.

"మా నాన్న దగ్గర కొలతల పుస్తకాలున్నాయి. ఒక్కొక్కళ్లవీ చిన్నప్పట్నుంచీ. ఏ వయసులో ఎవరు ఎంత పెరిగారో నేను గీతలు గీశాను, మేడమ్. అందరూ ఒక్కలా పెరగరు. కొంతమంది ఆగి ఆగి, ఒక్క ఏడాదిలో పెరిగేస్తారు. అది ఎందుకో లెక్క కట్టాలని ఉంది. అందుకే లెక్కలు చదువుతానంటున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని."

ఆవిడ నవ్వలేదు. పిల్ల నెమ్మదిగా లేచి, వస్తాను మేడమ్ అని, చప్పుడు కాకుండా తలుపు చేరవేసింది.

"లేవలేదు సార్!" అంది వరండాలో, కళ్లు మెరుస్తూ. "మేడమ్ తలెత్తనే లేదు. అయినా లేవలేదు!"

"శభాష్. త్వరగా ఇంటికెళ్లి పడుకో" అని దాన్ని పంపేసి, మాస్టారు నవ్వుకుంటూ తలుపు తోశాడు.

"అక్కయ్యా, మీ లేడి..."

ఆవిడ పోయిందని మర్నాడు ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తెలిశాక, "నేను చెప్పింది విన్నారంటారా, సార్?" అని అడిగింది. సీటు వచ్చినట్టు పది రోజులకు కబురు వచ్చింది.

గది ఖాళీ చేయిస్తున్నప్పుడు మాస్టారు రెండు కుర్చీలనూ తనే బయటికి తెచ్చాడు. ఆవిడది ఉత్త చెక్క కుర్చీ, ఒక మేకు పైకి లేచి ఉంది. పిల్లలు కూర్చునే కుర్చీకి మాత్రం, పుస్తకాలకు అతికించే నీలం గుడ్డ ముక్కలు కలిపి చేత్తో కుట్టిన పల్చటి మెత్త ఉంది, నాలుగు మూలలా నాడాలతో కట్టి, నడుమ కొంచెం అణిగి.