బుచ్చమ్మగారు ఎక్కి చూసిన కారు

బాపిరాజుగారు కారు కొంటానన్న మాట ఊరంతా పాకి ఏడాది దాటింది. కొనకపోవడంలో ఆయన చూపించిన శ్రద్ధలో సగం కొనడంలో చూపిస్తే ఈపాటికి ఇంట్లో రెండు కార్లుండేవని ఆయన భార్య రత్నమాల అనుకునేది. అనుకునేదే గాని పైకి అనేది కాదు. ఆ ఇంట్లో కోడళ్ళు అనవలసిన మాటలన్నీ వంటింట్లో గిన్నెలకి చెప్పుకునేవారు. గిన్నెలు సొట్టలు పడడానికి కారణం అదే.

మొదట చూసిన కారు మరీ నల్లగా ఉందన్నారు. రెండోది ఎర్రగా, కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతున్నట్టుందన్నారు. రామచంద్రపురంలో చూసిన దాని హారను శవం ముందు ఊదే శంఖంలా వినిపించిందట. తీరా అన్నీ కుదిరిన కారొకటి మండపేటలో దొరికితే, సరిగ్గా తాళం చేతికిచ్చే వేళకి ఎవరో తుమ్మారట. తుమ్మినది తానేనన్న సంగతి ఆయన ఇంటికొచ్చాక చెప్పారు.

మరో ఏడాదైతే రత్నమాల ఇదంతా నవ్వుకుంటూ చూసేది. ఈ ఏడు నవ్వు రావడం లేదు. కూతురు కనకదుర్గకి ఊళ్ళో ఉన్న చదువంతా ఎనిమిదో తరగతితో అయిపోయింది. ఆ పైన చదవాలంటే అమలాపురం వెళ్ళాలి. బస్సు ఇంటి ముందునుంచే పోతుంది గాని, అది ఘోషా ఇల్లు. ఆ ఇంటి ఆడవాళ్ళు గడప దాటితే పరదా కట్టిన బండిలోనే దాటాలి. అత్తగారు బుచ్చమ్మగారు వేసవిలోనే తేల్చి చెప్పేశారు.

"మన సొంత కారై ఉండాలి. దానికి పరదాలుండాలి. నేను ఎక్కి చూసి, బాగుందనాలి. అప్పుడు పంపండి పిల్లని. లేదూ, ఇంట్లోనే ఉంటుంది. నేను చదివేనా ఏమిటి?"

బడి తెరిచేశారు. ఈ శనివారంలోగా చేర్చకపోతే చోటుండదని హెడ్మిస్ట్రెస్‌గారు కబురంపారు. కబురు వచ్చిన దగ్గర్నుంచి రత్నమాలకి కాలు ఒకచోట నిలవడం లేదు. పెరట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానా అనుకునేది. వంటింట్లోకి వచ్చి, పెరట్లో ఏదో మర్చిపోయానని మళ్ళీ వెళ్ళేది. తను పెళ్ళికి ముందు కాకినాడలో మేనమామగారింట ఉండి ఇంటరు చదివింది. ఆ చదువు ఇప్పుడు అత్తగారికి పేపరు చదివి వినిపించడానికీ, పప్పు పొట్లం విప్పినప్పుడు ఆ కాగితం ముక్క తను చదువుకోడానికీ పనికొస్తోంది. దుర్గకి ఆ పొట్లాల చదువు కూడా దక్కదేమోనని ఆమె బెంగ.

గురువారం పొద్దున్న కోటిపల్లి రేవులో రెండు పడవలు జోడించి బల్లలు పరిచిన పంటు మీద గోదావరి దాటి, ముక్తేశ్వరం మీదుగా ఇంకో కారు వచ్చింది. కాకినాడలో వ్యాపారం కట్టేసి సీమకి వెళ్ళిపోతున్న ఒక తెల్లదొరగారిదట. నడుపుకుంటూ వచ్చినవాడు ఆ దొరగారి డ్రైవరు జగ్గయ్య. బేరం కుదిరితే కారుతోపాటు తనూ ఇక్కడే ఉండిపోతానన్నాడు.

రత్నమాల, దుర్గ, బుచ్చమ్మగారు నడవలో చెక్కజాలీ వెనక నిలబడి చూశారు. ముందు సగం మామూలు కారే. వెనక సగం మాత్రం ఎవరో తీరిగ్గా కూచుని బీరువా బిగించినట్టుంది. పొడుగ్గా, చెక్క చట్రాలతో, వార్నిషు మెరుస్తూ, వెనకాల రెండు రెక్కల తలుపుతో. లోపల మూడు వరసల సీట్లు. చుట్టూ అద్దాలే.

"ఇన్ని కిటికీలా! దీనికంటే వీధరుగు మీద కూచోబెట్టి తీసికెళ్ళొచ్చు" అన్నారు బుచ్చమ్మగారు.

"పరదాలున్నాయండి" అంది రత్నమాల గబుక్కున. ఏడాదిగా రాని కార్లకి కుట్టిన పరదాలు ఆమె దగ్గర ఒక మూట ఉన్నాయి.

బయట బాపిరాజుగారి బాబాయి గంగరాజుగారు పరీక్ష మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఎవరు ఎడ్లు కొన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. కారు కూడా అంతేనని ఆయన అభిప్రాయం.

"ఏం కారోయ్ ఇది?"

"ఎస్టేటు కారంటారండి."

"ఎస్టేట్లన్నీ సర్కారువారు రద్దు చేసేసేరు కదా, ఇదెలా మిగిలింది? సరే, నోరు తెరిపించు."

జగ్గయ్య ముందు రేకు ఎత్తాడు. గంగరాజుగారు లోపలికి తొంగి చూసి, పళ్ళు కనపడక అసంతృప్తిగా తల ఊపారు. వెనక్కొచ్చి పిరుదు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచారు.

"తొంటి బలంగానే ఉంది. వయసెంత?"

"ఆరేళ్ళండి."

"ఆరేళ్ళదానికి గిట్టలు ఇలా అరుగుతాయిటోయ్?" అని టైరుని కాలితో తన్నారు.

బాపిరాజుగారు కారు చుట్టూ మూడోసారి తిరుగుతున్నారు. "అంతా బాగానే ఉంది బాబాయిగారూ. చెక్క కదా... చెద పడుతుందేమో?"

జాలీ వెనక రత్నమాల కళ్ళు మూసుకుంది. నలుపు అయింది, ఎరుపు అయింది, శంఖం అయింది, తుమ్ము అయింది. ఇప్పుడు చెద. దుర్గ అమ్మ కొంగు పట్టుకుని వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది.

"అత్తయ్యగారూ, ఆయన చెద సంగతి తేల్చేసరికి సాయంత్రమవుతుంది. ఈలోగా మీరు ఎక్కి చూస్తే..." అంది రత్నమాల.

బుచ్చమ్మగారికి ఎక్కాలనే ఉంది. ఒకరు అడగాలి, అంతే.

అరగంటలో పరదాలు వేలాడాయి. దాసీలిద్దరు గుమ్మంనుంచి కారు దాకా చెరోవైపు దుప్పట్లు పట్టుకున్నారు. జగ్గయ్య మర్యాదగా అటు తిరిగి కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. మధ్య వరసలో బుచ్చమ్మగారు, దుర్గ కూచున్నారు. రత్నమాల చివరి సీటులో తలుపు పక్కన సర్దుకుంది. బాపిరాజుగారు, గంగరాజుగారు ముందు ఎక్కారు. కారు ఇంకా కదలనేలేదు, బుచ్చమ్మగారు ఉలిక్కిపడ్డారు.

"అమ్మాయీ! అక్కడ పైన రెండు కళ్ళున్నాయే!"

"అది అద్దమండీ. వెనకాల ఏముందో డ్రైవరు చూసుకోడానికి" అంది రత్నమాల.

"వెనకాల ఉన్నది మనమే కదా!"

బాపిరాజుగారు తన కండువా తీసి అద్దానికి రెండు చుట్లు చుట్టి ముడివేశారు. జగ్గయ్య ఏదో అనబోయి, "ఆయ్, అలాగేనండి" అని ఊరుకున్నాడు.

కారు ఊరు దాటి కాలవ గట్టెక్కింది. ఒకపక్క కాలవ, రెండోపక్క వరి నారుమళ్ళు. కాలవకి అప్పుడే నీళ్ళొదిలారు, గట్లొరుసుకుని పారుతోంది. బుచ్చమ్మగారు కుదుపులు లెక్కపెడుతున్నారు. బాగుందని గాని బాగాలేదని గాని అనడం లేదు. రత్నమాల ఆవిడ మెడ వెనక భాగాన్నే చూస్తోంది. మెడనిబట్టి మనసు తెలుసుకోవచ్చునేమోనని ఒక ఆశ.

మలుపు తిరిగేసరికి ఎదురుగా డొక్కల బండి. కాయ ఒలిచిన కొబ్బరిడొక్కలు ఇంటి కప్పు ఎత్తున వేసుకుని గట్టు నిండా వస్తోంది. బండి వెనక్కి పోయే మాట లేదు. కారే పోవాలి.

బాపిరాజుగారు దిగి, ఎదురుగా కారొస్తోందని చూసుకోవక్కరలేదా అని బండివాడితో తగువు వేసుకున్నారు. గంగరాజుగారు కూడా దిగారు గాని ఆయన చూపు బండి ఎద్దు మీద పడింది. మూపురం నిమిరి, "ఏ సంతలో కొన్నావు?" అని మొదలుపెట్టారు. ఇక కారు సంగతి ఎవరూ చూడలేదు. జగ్గయ్య నెమ్మదిగా వెనక్కి నడపసాగాడు. అద్దానికి కండువా, కిటికీలకి పరదాలు, మెడ తిప్పితే ఘోషా అమ్మగార్లు. దేవుడి మీద భారం వేసి నడుపుతున్నాడు.

రత్నమాల వెనక పరదా వేలెడు పక్కకి తీసింది. గట్టు అంచు ఉండవలసిన చోట నీళ్ళు కనిపించాయి.

"ఆగవయ్యా!"

జగ్గయ్య ఆగలేదు. ఘోషా ఆడవారి గొంతు వినిపిస్తే విననట్టుండడం మర్యాద అని అతనికి ఎవరో నేర్పారు. ఆ మర్యాదతోనే ఇంకో మూరెడు వెనక్కి పోనిచ్చాడు. చక్రం కింద మట్టి జారిన చప్పుడు వినిపించింది.

దిగితే బుచ్చమ్మగారు ఈ కారు మొహం మళ్ళీ చూడరు, దుర్గ బడి అక్కడితో సరి. దిగకపోతే కాలవలోకి అందరూ. రత్నమాల ఆలోచించింది అంతే. తలుపు రెక్క తోసుకుని గట్టు మీదికి దూకి, కారు చెక్కని రెండు చేతులా దబదబా బాదింది.

"ఆపమంటూంటే! చెవుడా? ముందుకి. ఇంకొంచెం. ఆఁ, ఇప్పుడు చక్రం కుడికి తిప్పు. నిండా తిప్పు. ఇప్పుడు రా వెనక్కి... రా... అలా రా..."

తల మీద కొంగు ఎప్పుడు జారిందో ఆమెకి తెలియదు. వెనక్కి వెనక్కి నడుస్తూ, చేతులూపుతూ, వంతెన దగ్గర వెడల్పుగా ఉన్న చోటికి కారుని తీసుకొచ్చి ఆపింది. డొక్కల బండి దాటిపోయింది. బండివాడు మొహం పొలాల వైపు తిప్పుకుని మరీ పోయాడు. బాపిరాజుగారు నోరు తెరుచుకుని నిలబడ్డారు. గంగరాజుగారొక్కరే ఎద్దు పోయిన వైపు చూస్తున్నారు.

కారు ఇంటి దారి పట్టింది. దుర్గ ఒక్కసారి వెనక్కి తిరిగి అమ్మను చూసింది. రత్నమాల చూపు తప్పించుకుంది. నా చేత్తో నేనే తగలేశాననుకుంది.

ఇంటికొచ్చాక బుచ్చమ్మగారు మజ్జిగ అడిగి, నింపాదిగా తాగి, గ్లాసు కింద పెట్టారు. రత్నమాల నిలబడి ఉంది. నిలబడడం చాతకాక, ఆ గ్లాసు తీసి మళ్ళీ అక్కడే పెట్టింది.

"దిగేవు" అన్నారు బుచ్చమ్మగారు.

"ఆయ్."

"చెప్పుల్లేకుండా దిగేవు. గట్టు మీద తుమ్మముళ్ళుంటాయి. ఈసారి దిగితే చెప్పులేసుకు దిగు."

రత్నమాలకి వెంటనే అర్థం కాలేదు.

"బండి బాగానే ఉంది" అన్నారావిడ కొడుకు వైపు తిరిగి. "నడుం నొప్పెట్టలేదు. కాని దానికి వెనక్కి చూపు లేదు బాబూ. ఎవరో ఒక ఆడది వెనకాల కూచుని చూసి చెప్పాలి. పిల్లతో అమ్మాయి వెళ్తుంది."

"రోజూనా?" అన్నారు బాపిరాజుగారు.

"కాలవ రోజూ ఉండదూ?"

"డ్రైవరుతో మాట్లాడాలి కదండీ మరి. మన ఘోషా..."

"పరదా లోపల కూచునే చెప్తుంది. గొంతుకేమిట్రా ఘోషా? నేను నలభయ్యేళ్ళనించి ఈ ఇంట్లో కూచుని పశువుల మకాంలో పాలేళ్ళని పిలవడం లేదూ?"

బాపిరాజుగారు కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచన సరైన దారిన పడడం అరుదు గాని, పడినప్పుడు మొహంలో వెలుగొచ్చేది. ఆ వెలుగు ఇప్పుడొచ్చింది.

"అమ్మా, అసలు ఆ అద్దానికి కండువా తీసేస్తే..."

"దుర్గా, నాన్నగారికి కాఫీ" అంది రత్నమాల. "వేడిగా తీసుకురా. రేపు శుక్రవారమండీ, మంచి రోజు. ఆ దొరగారికి కబురు ఇప్పుడే పంపేయండి. చెదకి కిరసనాయిలు పూస్తే సరిపోతుంది, నేను పూస్తాను."

ఇన్ని మాటలు కోడలు ఒక్కసారి పైకి అనడం ఆ ఇంట్లో అదే మొదలు. బాపిరాజుగారు కబురు పంపడానికి లేచారు. దుర్గ కాఫీ మాట మర్చిపోయి, పెరట్లోకి పరిగెత్తి ఎవరికో చెప్పడం వినిపించింది.

శనివారం పొద్దున్న పుస్తకాలూ, కొత్త లంగా, టిఫిను గిన్నె, పరదాలూ సర్దుకుని తల్లీ కూతుళ్ళు కారెక్కారు. బుచ్చమ్మగారు దుప్పట్ల చాటునే కారు దాకా వచ్చి, కిటికీలోంచి తల లోపలికి పెట్టారు. అప్పుడు తట్టిందావిడకి.

"అమ్మాయీ, మరి పిల్లని మళ్ళీ సాయంత్రం తేవాలి కదా. రెండుసార్లు తిరిగితే పెట్రోలు దండగ. అందాకా అమలాపురంలో నువ్వేం చేస్తావు?"

అమలాపురంలో ఒక లైబ్రరీ ఉందనీ, అందులో ఆడవాళ్ళకి వేరే గది ఉందనీ రత్నమాల పప్పు పొట్లం కాగితంలో చదివి చాలా కాలమైంది.

"ఏం చేస్తానండీ, ఓ మూల కూచుంటాను" అంది.

ఏ మూలో ఆవిడ అడగలేదు. జగ్గయ్య కారు కదిలించాడు.